బాయి దిగే వేళ బుగులు



పని చేసే చోట మనస్సును పట్టుకునే దిగులును గూర్చి ఈ నెల మీతో మాట్లాడదలచాను. పట్టణాలలోని ఆఫీసు ఉద్యోగుల ఒత్తిడిని గూర్చి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. కాని తలకు లైటు పెట్టుకొని భూమి లోపలికి దిగేవాని దిగులును గూర్చి, అతడు ఇంటికి చేరేవరకు గడపవైపు చూస్తూ కూర్చునే ఇల్లాలి దిగులును గూర్చి వ్రాసేవారు తక్కువ. మా నస్పూరులో ఎటు చూసినా బాయి పని చేసే కుటుంబాలే. కాబట్టి నాకు తెలిసిన చోటినుండే మొదలుపెడతాను.

2021 నవంబరు 10వ తేదీని మా ప్రాంతం మరచిపోలేదు. ఆ రోజు శ్రీరాంపూర్‌లోని ఎస్సార్పీ-3 గనిలో కప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. ఇటువంటి దుఃఖం మనకు అదే మొదటిది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి పదిహేడు మంది చనిపోయారు. ఏ గనిలో ప్రమాదం జరిగినా చుట్టుపక్కల గనులన్నింటిలో పనిచేసేవారి ఇండ్లలో ఆ రాత్రి అన్నం సహించదు. మరునాడు మాత్రం మళ్లీ షిఫ్టుకు పోవలసిందే.

ఆ ప్రమాదం జరిగిన రెండు మూడు నెలలకు మా సంఘములోని ఒక యువకుడు ఆదివారం ఆరాధన అయిపోయిన తరువాత నా దగ్గరికి వచ్చాడు. (అతని అనుమతితోనే వ్రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.) అతడు డిగ్రీ చదివినవాడు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయినందున ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఊరంతా “అదృష్టవంతుడు” అన్నారు. అతడు నాతో అన్నది ఇంతే:

“అయ్యగారూ, నాకు నిద్ర పడుతలేదు. బాయి మొకం చూస్తెనే ఛాతీల దడ పుడుతంది. ప్రార్థన చెయ్యుండ్రి.”

నేను అతని తలమీద చేయి వేసి ప్రార్థన చేశాను. తరువాత, “బిడ్డా, విశ్వాసముంటే భయం ఉండొద్దు. ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యి” అని చెప్పి పంపించాను. బయట ఇంకా పదిమంది నాకొరకు నిలబడి ఉన్నారు. మంచి మాటే చెప్పాననుకున్నాను.

మూడు వారాల తరువాత అతని భార్య ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. ఆమెకు అనుమానం ఎలా వచ్చిందో తెలుసా? రోజూ అతడు విప్పిన డ్యూటీ బట్టలు నానబెడితే నీళ్లు నల్లగా మారాలి. వారం రోజులుగా ఆ నీళ్లు తేటగానే ఉన్నాయి. ఆ అమ్మాయి మా ఇంటి అమ్మగారి చేతులు పట్టుకొని, “అమ్మగారూ, ఆయన బట్టలకు బొగ్గు అంటుతలేదు” అని చెప్పింది.

అతడు ప్రతి ఉదయం టిఫిను గిన్నె పట్టుకొని మొదటి షిఫ్టుకని బయలుదేరి, గోదావరి ఒడ్డున మధ్యాహ్నం మూడింటివరకు కూర్చొని, షిఫ్టు విడిచే వేళకు ఇల్లు చేరుతున్నాడు. తొమ్మిది మస్టర్లు పోయాయి. మొదటి రోజు గని దాకా పోయాడు. లైటు తీసుకున్నాడు. లోపలికి దిగబోతుంటే గుండె కొట్టుకోవడం, ఊపిరి అందకపోవడం, చేతులు తిమ్మిర్లెక్కడం మొదలై, చచ్చిపోతున్నానని అనుకొని వెనుకకు వచ్చేశాడు. ఎవరికైనా చెబితే పిరికివాడంటారు. ఇంట్లో చెబితే తండ్రి గుండె పగులుతుంది. నాకు చెబుదామంటే నేను ముందే “విశ్వాసముంటే భయం ఉండొద్దు” అన్నాను కదా! కాబట్టి భయపడినందుకు కూడా భయపడ్డాడు. “నది దిక్కు చూసుకుంట ఏమేమో ఆలోచనలు వచ్చినయ్ అయ్యగారూ” అని ఆ సాయంత్రం నాతో చెప్పినప్పుడు నా నోట మాట రాలేదు.

ప్రియులారా, ఆ తొమ్మిది రోజులలో ఏదైనా జరిగి ఉంటే ఆ బరువులో కొంత నా మాటది కూడా అయ్యేది. ఈ సంగతి వ్రాయడం నాకు సులభం కాదు. కాని నాలాగే మాట్లాడే పెద్దలు, తల్లిదండ్రులు, స్నేహితులు చాలా ఇండ్లలో ఉన్నారు గనుక వ్రాస్తున్నాను.

భయం అవిశ్వాసం కాదు

ఆ రాత్రి నేను ఏలీయా ప్రవక్త చరిత్ర మళ్లీ చదివాను. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప కార్యం చేసినవాడు, ఆ తరువాత ఒక స్త్రీ బెదిరింపు వినగానే ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూర్చొని ఇక చచ్చిపోతే చాలునని ప్రార్థించాడు. దేవుడు అతనికి పంపినది ఏమిటి? గద్దింపు కాదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండవసారి లేపి మళ్లీ తినిపించాడు. ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినదని దేవునికి తెలుసు. మాటలు, ప్రశ్నలు, క్రొత్త పని, అన్నీ తరువాతనే వచ్చాయి. ముందు నిద్ర, తిండి, పక్కన ఒక తోడు. నేను మా యువకునికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఇవ్వలేదు.

గెత్సేమనే తోటలో మన ప్రభువు సైతం వేదన పడినప్పుడు ఒంటరిగా ఉండదలచలేదు. ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకొని పోయి, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. అటువంటప్పుడు తోడు కావాలని అడగడం మనకు సిగ్గు ఎందుకు కావాలి?

శరీరం చేసే పని

మరునాడు అతనిని డాక్టరు దగ్గరికి తీసుకొనిపోయాము. గుండె పరీక్షలన్నీ సరిగానే ఉన్నాయి. తరువాత మానసిక వైద్యుడు చెప్పిన మాటలు నేను అర్థం చేసుకున్నంతవరకు మీకు చెబుతాను.

అపాయం కనబడినప్పుడు శరీరం తనను తాను సిద్ధం చేసుకుంటుంది. గుండె వేగంగా కొట్టుకొని కాళ్లకు చేతులకు రక్తాన్ని పంపుతుంది. ఊపిరి త్వరత్వరగా ఆడుతుంది. చెమటలు పడతాయి. కప్పు మీద చప్పుడు వినబడగానే కార్మికుడు ఒక్క అంగలో వెనుకకు దూకగలుగుతున్నాడంటే ఈ ఏర్పాటు వల్లనే. భయం మనలను కాపాడడానికి ఇవ్వబడినది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అపాయం దాటిపోయినా ఆ ఏర్పాటు ఆగకపోవడంలో వస్తుంది. మనిషి ఇంట్లో మంచం మీద ఉంటాడు, శరీరం ఇంకా కప్పు కిందనే ఉంటుంది. అట్లా చాలా రోజులు సాగితే నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, చిన్న మాటకే కోపం వస్తుంది, తలనొప్పి, కడుపులో మంట వస్తాయి. ఒక్కొక్కప్పుడు ఏ కారణం లేకుండానే ఉప్పెనలాగా దడ వచ్చిపడుతుంది. సాధారణంగా అది పది నిమిషాలలోపే తారస్థాయికి చేరి తరువాత మెల్లగా దిగిపోతుంది. ప్రాణం పోతున్నట్టే ఉంటుంది గాని దానివల్ల ప్రాణం పోదు. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఛాతీలో నొప్పి, దడ మొదటిసారి వచ్చినప్పుడు “ఇది మనస్సుదేలే” అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి పోండి. గుండె జబ్బు కాదని చెప్పవలసినది డాక్టరే.

ఇది మన ఊరి బాధ మాత్రమే అనుకోకండి. దిగులు, మానసిక కుంగుబాటు వలన ప్రపంచమంతటా ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. అందులో మా యువకుని తొమ్మిది మస్టర్ల వంటివి ఎన్ని ఉన్నాయో!

కప్పును కొట్టి చూడాలి

మా సంఘములో సర్దారుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఈ సంగతంతా విని ఆయన అన్న మాట నాకు ఎన్నో ప్రసంగాలకంటె ఎక్కువ నేర్పింది.

“అయ్యగారూ, పని మొదలువెట్టే ముందు మేము కప్పును కొట్టి చూసేది. గట్టిగున్న కప్పు ఖంగుమంటది. లోపల ఊడిన కప్పు డొల్లగ మోగుతది. చూస్తె రెండూ ఒక్క తీరుగనే ఉంటయ్. కొడితేనే ఎరుక.”

మనం మనుష్యులను కొట్టి చూడటం లేదు, చూసి విడిచిపెడుతున్నాము. “బాగున్నారా?” అని అడుగుతాము. “దేవుని కృపవల్ల బాగున్నాము” అంటారు. అంతటితో అయిపోతుంది. డొల్ల శబ్దం వినాలంటే ఇంకొక ప్రశ్న వేయాలి. “రాత్రి ఎంతసేపు నిద్రపోయినవ్?” “అన్నం సహిస్తుందా?” “డ్యూటీలో ఏ వేళ ఎక్కువ కష్టమనిపిస్తుంది?” ఇట్లా అడిగి, జవాబు వచ్చేవరకు ఊరకుండాలి. వెంటనే బుద్ధి చెప్పకూడదు. సర్దారు కప్పును కొట్టేటప్పుడు మాట్లాడడు, వింటాడు.

అపాయం తెలిసిన కప్పుకు ఆధారం పెడతారు. ఊడిన కప్పును అవమానించరు. మన ఇండ్లలో మాత్రం దిగులు పడినవానిని “మగాడివై ఉండి ఇదేంది” అంటాము.

ఇంట్లో చేయదగినవి

ఇప్పుడు మా సంఘములోని కుటుంబాలు కలిసి కూర్చొని మాట్లాడుకొన్నప్పుడు పనికివచ్చినవని తోచిన కొన్ని సంగతులు చెబుతాను.

మొదటిది నిద్ర. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవానికి పగటి నిద్ర తేలిక కాదు. శరీరం వెలుతురును బట్టి లేస్తుంది. కాబట్టి అతడు పడుకునే గదిలో కిటికీకి మందపు దుప్పటి కట్టండి. సెల్‌ఫోను వేరే గదిలో పెట్టండి. టీ ప్రభావం చాలా గంటలు ఉంటుంది గనుక షిఫ్టు చివరి గంటలలో టీ మానడం మంచిది. అప్పు అడగటానికి వచ్చినవారిని, చుట్టాలను సాయంత్రం రమ్మనండి. నిద్రపోతున్న తండ్రి దగ్గర పిల్లలు చప్పుడు చేయకుండా ఆడుకోవడం కూడా ఆ ఇంటికి సేవయే.

రెండవది సారా సంగతి. “కొంచెం వేసుకుంటేనే నిద్ర పడుతది” అనేవారున్నారు. నిజమే, త్వరగా కన్ను మూతపడుతుంది. కాని అర్ధరాత్రి దాటిన తరువాత ఆ నిద్ర ముక్కలైపోతుంది. మరునాడు దడ ఎక్కువవుతుంది. దానికి మళ్లీ తాగుతారు. ఇది మందు కాదు, వడ్డీకి తెచ్చిన నిద్ర.

మూడవది అసలు వడ్డీ. మన బొగ్గు బాయిల ప్రాంతాలలో గిరిగిరి వడ్డీకి అప్పు తెచ్చి, జీతం రాగానే ఇచ్చి, మళ్లీ తెచ్చుకునే కుటుంబాలు మీకు తెలియనివి కావు. బాయిలో పట్టుకున్న బుగులు అనుకున్నది విచారిస్తే చాలాసార్లు అప్పుల బుగులుగా తేలుతుంది. భార్యాభర్తలిద్దరూ ఒక సాయంత్రం కూర్చొని, ఎవరికి ఎంత, ఏ వడ్డీకి ఇవ్వాలో ఒకే కాగితం మీద వ్రాయండి. కాగితం మీద పెట్టిన అప్పు తలలో తిరిగే అప్పుకంటె చిన్నదిగా కనబడుతుంది. పెద్ద వడ్డీది ముందు తీర్చే దారి వెదకండి.

నాలుగవది విశ్రాంతి. 1952 నాటి గనుల చట్టం భూమి లోపల పనిని రోజుకు ఎనిమిది గంటలకు, వారానికి నలభై ఎనిమిది గంటలకు పరిమితం చేసింది. వారంలో ఆరు రోజులకంటె ఎక్కువ పని చేయించకూడదన్నది. మనిషి ఎంత మోయగలడో ఎంతోమంది కష్టం చూసి వేసిన లెక్క అది. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవారిలో పక్షవాతం, గుండెజబ్బుల మరణాలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. ప్రతి ఆదివారం ప్లే డే డ్యూటీకి పరుగెత్తేవారు ఈ లెక్క కూడా చూసుకోవాలి. పిల్ల పెండ్లి, ఇంటి అప్పు మీ ముందున్న సంగతి నాకు తెలుసు. అయినా నెలలో రెండు ఆదివారాలైనా మీ ఇంటివారికి మిగల్చండి.

ఐదవది దడ వచ్చిన క్షణం. కూర్చోండి. ఊపిరి మెల్లగా లోపలికి తీసుకొని, తీసుకున్న దానికంటె ఎక్కువసేపు మెల్లగా విడవండి. “ఇది ముందు కూడా వచ్చింది, పోయింది, ఇప్పుడు కూడా పోతుంది” అని చెప్పుకోండి. మీరు గని లోపల ఉంటే పక్కవానికి తప్పక చెప్పండి. కళ్లు తిరుగుతుండగా దాచిపెట్టి పనిచేయడం మీకే కాదు, మీతో ఉన్నవారికీ అపాయం.

ఇంటి దగ్గర ఉన్నవారి దిగులు

భర్తకు ధైర్యం చెప్పడమే భార్య పని అని మనం అనుకుంటాము. ఆమె ధైర్యాన్ని ఎవరు చూస్తున్నారు? షిఫ్టు విడిచిన వేళనుండి అరగంట ఆలస్యమైతే ఆమె గుండెలో ఏమి జరుగుతుందో అడిగినవారున్నారా? మా సంఘములోని స్త్రీలు ఈ విషయమై మాట్లాడుకొని ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నారు. గని బయటికి రాగానే భర్త ఒక్క ఫోను చేయాలి. “వచ్చిన” అన్న మాట చాలు. దీనికి ఖర్చు లేదు. కాని ఆ ఒక్క మాటతో ఇంట్లో ఎసరు పడుతుంది.

ఈ పత్రిక చదివే అందరూ బాయి పని చేసేవారు కారు. పత్తి వేసి మబ్బువైపు చూసే రైతు ఉన్నాడు. వెయ్యి బీడీలు ఎప్పుడవుతాయా అని చీకటి పడేవరకు చాట విడువని అక్క ఉంది. భర్త గల్ఫులో ఉండగా ఇక్కడ ఇల్లు మోసే చెల్లెలు ఉంది. పని వేరైనా డొల్ల శబ్దం ఒక్కటే. నిద్ర లేమి, ఆకలి లేమి, పనిమీద మనస్సు నిలవకపోవడం, బ్రతుకు మీద విసుగు రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. జ్వరానికి మందు మింగి ప్రార్థన చేసుకుంటాము కదా, దీనికి మాత్రం మందు వద్దనడం ఏమి న్యాయం? దూరం పోలేనివారికి, చెప్పుకోవడానికి సిగ్గుపడేవారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి-మానస్ అనే ఉచిత సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ బైబిలు మొదటి పేజీలో వ్రాసి పెట్టుకోండి. చచ్చిపోవాలనే ఆలోచన ఎవరైనా బయటపెడితే దానిని బెదిరింపు అనుకోవద్దు. వారిని ఆ రాత్రి ఒంటరిగా విడువవద్దు.

మా యువకుని సంగతి చెప్పి ముగిస్తాను. అతడు కొన్ని నెలలు మందులు వాడాడు. పైవారితో ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. మొదటి రోజుల్లో మా పెద్దాయన తన మోకాళ్ల నొప్పులతోనే అతనితో గని గేటు దాకా నడిచిపోయేవారు. ఇప్పుడు అతడు షిఫ్టుకు పోతున్నాడు. భయం పూర్తిగా పోయిందా అని అడిగాను. “లేదు అయ్యగారూ, దిగేటప్పుడు ఇప్పటికీ కొంచెం బుగులైతది. కాని దాచిపెడుతలేను, అందుకే మొయ్యగలుగుతున్న” అన్నాడు. అతని భార్య నానబెట్టిన బట్టల నీళ్లు మళ్లీ నల్లగా ఉంటున్నాయట. ఆ నల్లని నీళ్లు చూసి దేవునికి స్తోత్రం చెప్పుకుంటున్నానని ఆమె మా ఇంటి అమ్మగారితో అన్నది.

ప్రియులారా, ఈ వారం మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత వెంటనే లేవకండి. మీ పక్కనున్నవారిని ఒక్క ప్రశ్న ఎక్కువ అడగండి. జవాబు వచ్చేవరకు కూర్చోండి.

పనికి పోయినవారందరినీ దేవుడు క్షేమముగా ఇల్లు చేర్చును గాక. ఆమేన్.